మైనస్ మూడు డిస్క్

నాకు షుగరు వచ్చిన ఏడాదే మా ఆవిడ చెయ్యి విరిగింది. రెండింటికీ సంబంధం ఏమీ లేదు. అయితే ఆ ఏడాది మా ఇంట్లో జరిగిన గొడవంతా ఈ రెండింటి మధ్యనే జరిగింది కాబట్టి రెండూ చెప్పాలి.

నేను నర్సీపట్నంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. మా ఆవిడ కొయ్యూరు మండలంలో ఒక కొండపల్లెలో ప్రాథమిక పాఠశాల టీచరు. బడి మొత్తానికి ఆవిడ ఒక్కతే. పొద్దున్న ఏడింటికి బస్సెక్కుతుంది. రోడ్డు మీద దిగి అక్కణ్ణుంచి ఆటో, ఆటో లేని రోజు నడక. ఇంటికి వచ్చేసరికి సాయంత్రం ఆరున్నర. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నాలుగు బళ్ళు మారింది, నాలుగూ ఏజెన్సీ కొండల్లోనే. బదిలీలు వచ్చిన ప్రతిసారీ టౌనుకి దగ్గర ఊళ్ళ పేర్లు కాగితం మీద రాసి ఇచ్చేవాణ్ణి. ఆవిడ ఆ కాగితాన్ని కందిపప్పు డబ్బా కింద పెట్టి మర్చిపోయేది. ఆ మరుపు ఎలాంటిదో నాకు తెలుసు, నాకు తెలుసని ఆవిడకీ తెలుసు.

జనవరి ఆఖర్లో ఒక మలుపు దగ్గర ఆవిడ ఎక్కిన ఆటో పక్కకి ఒరిగిపోయింది. మిగతావాళ్ళకి గీతలు పడ్డాయి. ఆవిడకి కుడిచెయ్యి భుజం దగ్గర విరిగింది. ఆరు వారాలు కట్టు. కట్టు విప్పాక చూస్తే చెయ్యి భుజం ఎత్తుకి వచ్చి ఆగిపోతోంది. ఎముక అతుక్కుంది, కీలు బిగుసుకుపోయింది, కదిలిస్తే తప్ప వదలదు అన్నాడు ఫిజియోథెరపిస్టు. గోడకి ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించమన్నాడు. వేళ్ళు ఎంతదాకా వెళ్ళాయో అక్కడ వారానికోసారి పెన్సిలు గీత పెట్టమన్నాడు. హాల్లో కేలెండరు పక్కన గీతలు పెట్టడం నా పని. మార్చిలో మూడు గీతలు పెట్టాను. మూడూ ఒకదాని మీద ఒకటి పడి లావు గీత అయింది.

"బోర్డు మీద ఎలా రాస్తావు?" అని అడిగాను మొదటిసారి. ఆవిడ గోడ మీద వేళ్ళు పాకిస్తూనే ఉంది.

ఆవిడకి ఉన్న దిగులంతా అదే. జూన్‌లో బళ్ళు తెరుస్తారు. ఒకటి నుంచి అయిదు దాకా ఒకే గది, ఒకే బోర్డు. దాన్ని అయిదు భాగాలు చేసి పైనుంచి కిందిదాకా రాస్తేనే అందరికీ సరిపోతుంది. చెయ్యి లేవకపోతే బడి లేదు. బడి లేకపోతే స్వచ్ఛంద పదవీ విరమణ. ఆ మాట ఇంట్లో మొదట అన్నది నేనే.

ఇక్కడ నా షుగరు సంగతి చెప్పాలి. డాక్టరు రోజూ ముప్పావుగంట నడవమన్నాడు. పొద్దున్నే కాలేజీ గ్రౌండు చుట్టూ తిరగడం మొదలుపెట్టాను. ఆ వేళకి ఊళ్ళో సగం మంది షుగరువాళ్ళు అక్కడే తిరుగుతుంటారు. ఒకాయన మెంతులంటాడు, ఇంకొకాయన కాకరకాయ రసం అంటాడు. పదో రోజుకి రోగం కంటే వైద్యుల మీద విసుగు పుట్టింది. అప్పుడే ఫోన్లో ఒక వీడియో కనిపించింది. ఎక్కడో చెట్ల మధ్య నలుగురు మనుషులు ప్లాస్టిక్ పళ్ళాల్లాంటివి విసురుకుంటూ నడుస్తున్నారు. దాన్ని డిస్క్ గోల్ఫ్ అంటారట. కర్ర లేదు, బంతి లేదు. డిస్క్ విసరాలి, అది పడ్డచోటికి నడవాలి, అక్కణ్ణుంచి మళ్ళీ విసరాలి. చివరికి గొలుసులు వేలాడే బుట్టలో పడాలి. ఎంత తక్కువ విసుర్లలో పడితే అంత గొప్ప. నడకకి నడక, మెంతుల గురించి వినక్కర్లేదు.

రెండు డిస్కులు తెప్పించాను. రెండూ ఫెయిర్‌వే డ్రైవర్లే, అంటే మరీ దూరానికీ మరీ దగ్గరికీ కాకుండా మధ్యదూరానికి విసిరే రకం. ఒకటి నల్లది, బరువు. రెండోది పసుపుపచ్చది, తేలిక. డిస్కు మీద నాలుగు అంకెలు ఉంటాయి. ఎంత వేగంగా విసరాలి, గాల్లో ఎంతసేపు తేలుతుంది, మొదట్లో కుడికి ఎంత తిరుగుతుంది, చివర్లో ఎడమకి ఎంత వాలుతుంది. ఇందులో మూడోది ముఖ్యం. నల్లదాని మీద సున్నా ఉంది. పసుపుదాని మీద మైనస్ మూడు ఉంది. అలాంటి దాన్ని అండర్‌స్టేబుల్ అంటారు. పేకముక్క పంచినట్టు కుడిచేతిని ఎడమ పక్కనుంచి తెచ్చి గట్టిగా విసిరితే అది మధ్యదారిలో కుడికి మళ్ళిపోతుంది.

ఏళ్ళ తరబడి పేపర్లు దిద్దినవాణ్ణి, మైనస్ గుర్తు చూస్తే నాకు గౌరవం కలగదు. పైగా నా చెయ్యి ఇంకా బలంగా ఉందని నాకో నమ్మకం. పసుపుదాన్ని రెండుసార్లు విసిరాను, రెండుసార్లూ కుడికి పోయి ముళ్ళకంపలో పడింది. ఇంటికి తెచ్చి వంటింటి అలమర పై అరలో పడేశాను. నల్లదాన్నే ఉంచుకున్నాను. అది నా ఆరోగ్యానికి చాలా మంచి చేసింది, ఎందుకంటే ఎప్పుడూ అనుకున్న చోట పడేది కాదు, ఎక్కువ నడవాల్సి వచ్చేది.

ఆడే చోటు మా అత్తగారి వాటాకి వచ్చిన జీడిమామిడి తోట. మాకవరపాలెం వెళ్ళే దారిలో, బైకు మీద పావుగంట. చెట్లు వరసల్లో ఉంటాయి, కొమ్మలు గొడుగుల్లా నేల దాకా వాలి ఉంటాయి. వరసకీ వరసకీ మధ్య సందులో తిన్నగా, ఎత్తు లేకుండా విసరాలి. బుట్ట లేదు కాబట్టి చివరి చెట్టు మొదలుకి ఎరువుల సంచి కట్టాను. అది తగిలితే ఆట అయిపోయినట్టు. మా అత్తగారు మా ఆవిడ చెయ్యి విరిగిన దగ్గర్నుంచి మా ఇంట్లోనే ఉన్నారు. తోటలో నేను చేసే పని గురించి విని ముక్కున వేలేసుకున్నారు.

"జీడిపిక్కలేరడానికి మనుసులు దొరక్క సస్తంటే, పళ్ళేలు ఇసురుకోడానికి ఎల్తన్నారా బాబూ?" అన్నారు.

ఏప్రిల్ మధ్యలో ఒక పొద్దున్న, నేను బైకు తీస్తుంటే మా ఆవిడ వచ్చి వెనకాల కూర్చుంది.

"ఎక్కడికి?" అన్నాను.

"మీరెల్లే కాడికే. గోడతో విసుగొచ్చీసిందండీ" అంది.

భుజం ఎత్తు దాటకుండా ఏం చేసినా మంచిదేనని ఫిజియోథెరపిస్టు చెప్పాడట. డిస్క్ విసరడానికి చెయ్యి పైకి లేవక్కర్లేదు. ఛాతీకి అడ్డంగా తెచ్చి వదిలితే చాలు. ఈ సంగతి ఆవిడ నా ఫోన్లో ఆ వీడియోలు చూసి తనంతట తనే కనిపెట్టింది.

తోటలో నల్లదాన్ని ఆవిడ చేతికి ఇచ్చాను.

ఇది ఎలా జరిగిందో నేను చాలాసార్లు ఆలోచించుకున్నాను. మొదటి రోజు నా దగ్గర అదొక్కటే ఉంది, అంతవరకు నిజం. కానీ కొత్తవాళ్ళకీ చేతిలో ఊపు లేనివాళ్ళకీ తేలికైన అండర్‌స్టేబుల్ డిస్కే ఇవ్వాలని నేను చూసిన ప్రతి వీడియోలోనూ మొదటి రెండు నిమిషాల్లోనే చెప్తారు. సున్నా ఉన్నది బలం లేని చేత్తో విసిరితే నాలుగడుగులు పోయి ఎడమకి పడిపోతుంది. అలా ఎందుకు పడుతుందో నేను బోర్డు మీద బొమ్మ గీసి చెప్పగలను. ఆవిడ ఆరుసార్లు విసిరింది. ఆరుసార్లూ ఎడమ పక్క చెట్టు కిందికి దూరింది. ప్రతిసారీ వంగి, కొమ్మల కిందనుంచి తెచ్చుకుంది. ఏడోసారి విసరకుండా నాకు ఇచ్చేసింది.

రెండో రోజూ నల్లదే ఇచ్చాను. మూడో రోజూ అంతే. పసుపుది అలమరలో ఉందని నాకు గుర్తులేకపోలేదు.

ఎందుకు ఇవ్వలేదో చెప్తాను. ఇరవై రెండేళ్ళుగా సాయంత్రం నాలుగున్నరకి నా ఇంటి తాళం నేనే తీసుకున్నాను. చీకటి గది, నిన్నటి పేపరు, చల్లారిన ఫ్లాస్కు. ఆవిడ ఇంట్లో ఉన్న ఆ రెండు నెలలూ నేను వచ్చేసరికి తలుపు తీసి ఉండేది. లోపల ఆవిడా, వాళ్ళమ్మా మాట్లాడుకుంటూ ఉండేవారు. నేను చెప్పులు విప్పుతుంటే "ఎండ బాగా ఉందా" అని లోపల్నుంచి ఒక గొంతు అడిగేది. దానికి అలవాటు పడిపోయాను. ఆ మలుపుల రోడ్డు మీద ఆవిడ మళ్ళీ ఆటో ఎక్కుతుందంటే భయంగా ఉన్న మాటా నిజమే. అయితే భయం ఎంత, సుఖం ఎంత అని అడిగితే, సుఖమే ఎక్కువ.

నాలుగో రోజు ఆవిడ తోటకి రాలేదు. ఆ సాయంత్రం పదవీ విరమణ దరఖాస్తుకి డ్రాఫ్టు రాసి టీవీ పక్కన పెట్టాను. డ్రాఫ్టులు బాగా రాస్తానని కాలేజీలో నాకు పేరుంది. 'బోధనా విధులు సమర్థంగా నిర్వర్తించలేని శారీరక స్థితి' అని రాసిన వాక్యం నాకే నచ్చింది. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది. సంతకం పెట్టలేదు, వద్దనీ అనలేదు. గోడ దగ్గర వేళ్ళు పాకించడం మాత్రం ఆ రోజు నుంచి మానేసింది. పనైపోయింది అనుకున్నాను.

అయిపోయేదే, మా అత్తగారు కుక్కరన్నం తిననని పట్టుబట్టకపోయి ఉంటే.

అత్తగారి లెక్కలో గంజి వార్చనిది అన్నం కాదు. రోజూ గుండుగిన్నెలో అన్నం వండి, మూత పెట్టి, గుడ్డతో పట్టుకుని పక్కకి వంచి గంజి వారుస్తారు. మా ఇంట్లో మూతలన్నీ కుక్కరు మూతలే, ఒక్కటీ ఆ గిన్నెకి సరిపోలేదు. ఏవో పళ్ళేలతో నెట్టుకొస్తూ ఒకనాడు అలమర పై అరలో పసుపు డిస్కు చూశారు. గిన్నె మూతికి అచ్చు గుద్దినట్టు సరిపోయింది. మందమైన అంచు ఉండటంతో చేతికి కాలలేదు. నాకు తెలియకుండా రెండు వారాల పైన దాంతోనే గంజి వార్చారు. నాకు తెలియకపోవడానికి కారణం ఒక్కటే, నేను వంటింట్లోకి వెళ్ళేది మంచినీళ్ళకి మాత్రమే.

మే నెల మొదట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం మంచినీళ్ళకి వెళ్ళాను. పొగలు కక్కుతున్న గిన్నె మీద నా డిస్క్.

"అదేమిటండీ?" అన్నాను.

"మూత బాబూ. మా బాగుంది. ఒక్క మెతుకు జారదు, సెయ్యి కాలదు. ఎక్కడ కొన్నారో గాని ఇలాటిదే ఇంకోటి తెప్పించండి, మా సెల్లికిస్తాను" అన్నారు.

తీసి చూశాను. రోజూ గంజి వేడికి ప్లాస్టిక్ మెత్తబడి అంచు రవ్వంత కిందికి దిగింది. అసలే మైనస్ మూడు, ఇప్పుడు మైనస్ ఎంతో చెప్పేవాడు లేడు. పాడైపోయిందండీ అని కేకలేశాను. ఆ కేకలకి మా ఆవిడ లోపలికి వచ్చింది. డిస్కుని సింకు దగ్గర ఎడమచేత్తో కడిగి, అట్టకట్టిన గంజి గోటితో గీకి, తిప్పి చూసింది. అంకెలు చదివింది. ఒకటో తరగతి పిల్లల్ని అడిగినట్టు నెమ్మదిగా అడగడం మొదలుపెట్టింది. ఆవిడ పాఠం చెప్పే పద్ధతే అంత. తను ఏమీ చెప్పదు, ఎదుటివాడి చేతే చెప్పిస్తుంది.

"మైనస్ మూడంటే ఏటండీ?"

"గట్టిగా విసిరితే కుడికి తిరుగుతుంది."

"మెల్లగా విసిరితే?"

"అంత తిరగదు."

"మరెలగ ఎల్తాది?"

"ఇంచుమించు తిన్నగా."

"నల్లది మెల్లగా విసిరితే?"

"ఎడమకి పడిపోతుంది."

"ఎవరు విసిరినా?"

"ఎవరు విసిరినా అంతే" అన్నాను. లెక్చరర్ని కదా, ప్రశ్న అడిగితే జవాబు దానంతట అదే వచ్చేస్తుంది. ఆ జవాబు ఎక్కడికి తీసుకెళ్తోందో చివరి మాట అన్నాక గానీ తెలియలేదు.

"మరి నాకు నల్లదెందుకిచ్చేరు?" అంది.

మా అత్తగారు గంజి గిన్నె పక్కన పెట్టి నా వైపు చూశారు. బరువుదైతే చేతికి వ్యాయామం బాగా అవుతుందని ఇచ్చానన్నాను. మా ఆవిడ "ఊ" అంది. నిజం చెప్పే అవకాశం అప్పుడు ఉంది. వదిలేశాను.

మర్నాడు తెల్లారి అయిదున్నరకి తోటలో ఉన్నాం. జీడిపళ్ళు రాలి వాసన వేస్తున్నాయి. ఆవిడ పసుపు డిస్కు పట్టుకుని చీర కుచ్చిళ్ళు సరిచేసుకుని, చెయ్యి ఛాతీకి అడ్డంగా తెచ్చి వదిలింది. అందులో బలం ఏమీ లేదు. డిస్కు వదిలినప్పుడు ఎడమకి ఒరిగి ఉంది, అలాగే పోయి పడుతుందనుకున్నాను. నాలుగడుగులు పోయాక అదే నెమ్మదిగా సర్దుకుని సమంగా నిలబడింది. రెండు వరసల మధ్య సందులో, మోకాలి ఎత్తున, తిన్నగా పోయింది. పోతూనే ఉంది. చివర్లో కొద్దిగా ఎడమకి వాలి ఆకుల మీద చప్పుడు లేకుండా దిగింది. అడుగులు లెక్కపెట్టాను. ముప్పై ఎనిమిది.

ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. డిస్కు దగ్గరికి గబగబా నడిచింది, ఎవరైనా ముందు తీసేసుకుంటారన్నట్టు. తీసుకుని అక్కణ్ణుంచే మళ్ళీ విసిరింది. నాకు సంతోషం కలగలేదు. దరఖాస్తు ఇంకా టీవీ పక్కనే ఉంది. దాని గురించే ఆలోచిస్తూ నిలబడ్డాను.

ఆ తరవాత రోజూ వెళ్ళాం. నేను నల్లది, ఆవిడ పసుపుది. నాకు సంచి తగలడానికి ఏడెనిమిది విసుర్లు పట్టేది, ఆవిడకి అయిదో ఆరో. నాది ఎడమ పక్క చెట్ల కిందే ఎక్కువ కాలం గడిపేది. వారం తర్వాత "ఒకసారి నాది విసిరి సూడండి" అని జాలిపడి ఇచ్చింది. గట్టిగా విసిరాను. గంజి తాగిన డిస్కు, కుడికి తిరిగి పక్క రైతు తోటలో పడింది. "మెల్లగా విసరాలండీ, అది కోపంగా విసిరేవాళ్ళకి పనికిరాదు" అంది. కోపం సంగతి డిస్కుల గురించి రాసేవాళ్ళెవరూ చెప్పలేదు గానీ, అందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు.

మా అత్తగారికి కొత్త మూత కొనిచ్చాను. పసుపుదాని ముందు ఇదెందుకూ పనికిరాదన్నారు.

చెయ్యి కదలడం మొదలైంది. రోజూ నలభై యాభై విసుర్లు, అన్నిసార్లు వంగడం, కొమ్మలు పక్కకి తోసి దూరడం. అది వ్యాయామమని ఆవిడ అనుకోలేదు కాబట్టి నొప్పి గురించి కూడా పెద్దగా చెప్పలేదు. గోడ మీద లావు గీత పైన ఇంకో గీత పడింది. తరవాత చెవి ఎత్తున ఒకటి. మే ఆఖరికి నుదురు. అక్కడ ఆగిపోయింది. రెండు వారాలు అక్కడే ఉంది. ఇక ఇంతే కావచ్చు, పూర్తిగా రాకపోవచ్చు అన్నాడు ఫిజియోథెరపిస్టు. ఆ మాట ఆయన చెప్తున్నప్పుడు నేను తలదించుకున్నాను, నా ముఖం ఆవిడకి కనపడకూడదని.

బళ్ళు తెరవడానికి మూడు రోజుల ముందు దరఖాస్తు తీసుకొచ్చి టిఫిను ప్లేటు పక్కన పెట్టాను.

"నుదురు దాటలేదు కదా. బోర్డు మీద ఎలా రాస్తావు?" అన్నాను.

ఆవిడ ఇడ్లీ తినడం ఆపలేదు. తిని, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుంది.

"నేనింట్లో ఉంటే మీకు బాగుంటాది. అంతేనా?" అంది.

నేను చట్నీ గిన్నె దగ్గరికి జరుపుకున్నాను.

"నాకోసం ఇంట్లో ఉండు అని తిన్నగా అడిగుంటే ఆలోసించేదాన్నండీ. నిజంగా ఆలోసించేదాన్ని. మీరు నా సెయ్యి మీద పెట్టి అడిగేరు" అంది. గొంతు పెంచలేదు. కాగితాన్ని మడిచి నా ప్లేటు పక్కకే జరిపింది.

తల కొట్టేసినట్టయింది. కానీ సిగ్గుపడటానికి ముందు కోపం వచ్చింది, నా విషయంలో ఎప్పుడూ కోపానిదే ముందు వంతు. నీ మంచికే చెప్పాను, ఆ రోడ్డు సంగతి నీకు తెలుసు, మళ్ళీ ఏదైనా అయితే నా దగ్గరికి రాకు అని ఏవేవో అన్నాను. మా అత్తగారు లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. జూన్‌లో బడి తెరిచిన రోజు ఆవిడ ఏడింటికి బస్సెక్కింది. నేను బస్సు కాంప్లెక్సు దాకా దింపాను, మాట మాత్రం కలపలేదు. సాయంత్రం నాలుగున్నరకి మా అత్తగారు తలుపు తీశారు. వారం తరవాత అత్తగారూ తమ ఊరు మాకవరపాలెం వెళ్ళిపోయారు. మళ్ళీ తాళం నేనే తీసుకున్నాను.

బడి గురించి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. రాయలేక అవస్థ పడుతోందని, పట్టుదలకి పోయి చెప్పడం లేదని అనుకున్నాను. అనుకోవడం కాదు, అలా ఉంటే బాగుండునని లోపల ఆశ. జూలైలో ఒక రోజు మా కాలేజీకి సెలవు, వాళ్ళ బడికి లేదు. ఆవిడ వెళ్ళిన రెండు గంటలకి నేనూ కొయ్యూరు బస్సెక్కాను. చూసి, ఒక్క మాట కూడా అనకుండా, సాయంత్రం ఆవిడతో కలిసి వచ్చేద్దామని నా ప్లాను. ఆ తరవాత కాగితం దానంతట అదే సంతకం అవుతుందని నా లెక్క.

వాన వెలిసి ఉంది. బడి వరండాలో, చూరు కింద, ఒకతను విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కట్టలు కడుతున్నాడు. లోపల్నుంచి ఎక్కాలు వినిపిస్తున్నాయి. కిటికీలోంచి చూశాను. ఆవిడ నాకు వీపు చూపిస్తూ బోర్డు మీద రాస్తోంది. చెయ్యి నుదురు ఎత్తున ఉంది, అక్కడే ఆగింది. బోర్డు కూడా అక్కడే ఆగింది. దాని పై అంచు సరిగ్గా ఆవిడ నుదురు దగ్గర ఉంది. కింది అంచు నేలకి జానెడు ఎత్తున ఉంది. బోర్డు పైన గోడ మీద, అది మునుపు ఉన్న చోట, వెలిసిపోని సున్నం నలుచదరంగా కనిపిస్తోంది. ఒకటో తరగతి పాప ఒకత్తె కింద కూర్చునే బోర్డు మీద 'అ' దిద్దుతోంది.

అడ్డాకులతను నన్ను చూసి లేచాడు. అతని ఇద్దరు పిల్లలు ఈ బళ్ళోనే చదువుతున్నారట.

"పంతులమ్మగోరి తాలూకాండీ?" అన్నాడు.

అవునన్నాను. బోర్డు కిందికి ఎప్పుడు దించారని అడిగాను.

"బడి తెరిసిన్నాడేనండి. సెయ్యి ఇంత మట్టుకే లెగుస్తాదని సెప్పేరు. ఎల్లి మేకులు పీకీసి దించీసేం. గంట పట్టనేదు."

"ఆ ఆలోచన ఎవరికి వచ్చింది?"

అతను నా వైపు వింతగా చూశాడు. "ఇందులో ఆలోసనేటండి? సెయ్యి పైకి రాకపోతే బోర్డు కిందకి రావాల గదా" అని, మళ్ళీ కూర్చుని ఆకుల కట్ట అందుకున్నాడు.

నేను వరండా మెట్టు మీద కూర్చుండిపోయాను. లోపల మూడో ఎక్కం అయి నాలుగోది మొదలైంది. నాకు చాలా సిగ్గేసింది, ఇంకో మాట లేదు. బోర్డు దించవచ్చని నాకు తెలియక కాదు. కాలేజీ ల్యాబులో వెనక బెంచీలకి కనపడటం లేదని నేనే రెండుసార్లు బోర్డు జరిపించాను. మార్చి నుంచి జూన్ దాకా "బోర్డు మీద ఎలా రాస్తావు" అని ఆవిణ్ణి ఎన్నిసార్లు అడిగానో లెక్కలేదు. ఒక్కసారి కూడా జవాబు కోసం అడగలేదు.